జమ్మలమడుగు దాకా షటిల్

సాయంత్రం కాఫీ గ్లాసు కడిగేసి, బూట్లు తొడుక్కుని, హెలెన్ టీచరు ప్రొద్దుటూరులో తన మిద్దె ఎక్కి షటిల్ కాక్ కొట్టేది. అది పెన్నా ఇసుక మీదుగా పోయి జమ్మలమడుగులో మైమూన్ మిద్దె మీద దిగేది. మైమూన్ తిరిగి కొట్టేది. ఇద్దరూ ఏళ్ల తరబడి జంటగా ఆడినవాళ్లు. లాక్‌డౌన్‌లో షటిల్ కోర్టుకు తాళం పడింది, మరేం చేస్తారు? దారిలో పోలీసులు తలెత్తి చూసి, "టీచరమ్మది పోతాంది" అనుకుని మళ్లీ స్కూటర్లవాళ్ల మీద పడేవాళ్లు. కాక్‌ను పాసు అడగాలని ఎవరికీ తోచలేదు.

ఒంటికి చెమట పడితేనే హెలెన్‌కు నిద్ర పట్టేది. లేదంటే ఒంటరి కొంపలో గోడలతో మాట్లాడుకోవాల్సిందే. పిల్లల్లేని బడి డ్రిల్లు టీచరుకు ఉప్పులేని సంగటి.

అంతలో మైమూన్ భర్త కరోనాతో పోయాడు. చివరిచూపుకు హెలెన్‌ను పోనివ్వలేదు. ఆ తర్వాత మైమూన్ ఫోను ఎత్తడం మానేసింది. కాక్ మాత్రం వచ్చేది, ఆలస్యంగా, నీరసంగా. అది వచ్చిందంటే మనిషి ఉన్నట్టేనని హెలెన్ ధైర్యం చెప్పుకునేది.

ఒకరోజు అదీ రాలేదు.

హెలెన్ రెండుసార్లు ఫోను చేసింది. పక్క మిద్దె మీద ఆరిన బట్టలు తీస్తున్న వనజమ్మను పిలిచింది.

"అక్కా, మైమూన్ తిరిగి కొట్టలేదు."

"ఫోన్ చేసినావా?"

"ఎత్తడం లేదు. పోదామంటే బస్సుల్లేవు. నాకు శానా భయమైతాంది."

"ఏడుస్తా కూచుంటే అయితాదా? చేతిలో బ్యాటుంది గదా మే. వచ్చేదాకా కొట్టు."

హెలెన్ డబ్బా విప్పింది. కొత్తవి అయిపోతే ఈకలు ఊడినవి కొట్టింది. భుజం పీకింది, కన్నీళ్లకు ఏదీ ఆనలేదు, అయినా ఆపలేదు. ఆఖరిది కూడా ఎగిరిపోయింది. ఇక కొట్టడానికి ఏమీ లేదు. అంత భయం ఆమె పుట్టి బుద్ధెరిగి పడలేదు.

అప్పుడు ఫోను మోగింది. చాలాసేపు ఏడుపే వినపడింది.

"పిట్టగోడ ఎక్కి నిలబడింటినక్కా," అంది మైమూన్ చివరికి. "దూకేద్దామనుకుంటి. ఒకదాని ఎనక ఒకటి వచ్చి రొమ్ము మీద కొడ్తానే ఉండాయి. ఎనక్కి, మిద్దె మీదికే పడినా."

హెలెన్ ఫోనును చెవికి గట్టిగా అదుముకుంది.

"దెబ్బ తగిలిందా?"

"మోచెయ్యి దోక్కపోయింది."

"కానీలే. కాక్‌లన్నీ నీకాడనే ఉండాయి గదా మే. ఒక్కొక్కటే నాకు కొట్టు. నేను ఈడనే నిలబడింటా."