రెండు వేళ్ళ సందు

అమ్మ కళ్ళు మసకబారుతున్న సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. రేవు షెడ్డులో చేపలు వేరుచేసే బల్ల ముందు పన్నెండేళ్ళుగా నిలబడుతోంది. బడికి సెలవులు కదా, తోడు రమ్మంది.

కానాగంత చేపలు చిన్నవి, ఎవరైనా గుర్తుపడతారు. చిక్కంతా సూర చేపలతోనే. చారల సూరకి పొట్టమీద నల్లటి చారలు పొడవునా తోకదాకా ఉంటాయి. అలల సూరకి పొట్ట తెల్లన, వీపుమీద అలల్లాంటి గీతలు. డైరీలో బొమ్మలు వేసుకుని బట్టీపట్టాను. నలుగురిలో నాకు గొంతు పెగలదు. అందుకని చారలైతే అమ్మ మోచేతిని ఒకసారి తట్టాలి, అలలైతే రెండుసార్లు.

మొదటిరోజు సాయంత్రమే షెడ్డు మేస్త్రీ వచ్చాడు.

"అక్కా, చారల తొట్టిలో అలలవి కలిశాయి. చూపు ఆనడం లేదా ఏంటి? రేపూ ఇలాగే అయితే బల్ల దగ్గర ఉంచలేను."

అమ్మ తల దించుకుని బల్ల కడగసాగింది.

మర్నాడు కళ్ళు పొడుచుకుని చూశాను. పదింటికి ఒక పడవవాళ్ళ పెట్టెలు వచ్చాయి. అడుగునున్న చేపల పొట్టమీద చారలు గీసినట్టున్నాయి. వీపు చూడనేలేదు. ఒకసారి తట్టాను. అమ్మ దాని వీపు తడిమి అలల తొట్టిలో వేసింది. రెండోదీ అంతే. మళ్ళీ తట్టాను.

"ఉండవే, తెలుస్తోందిలే," అంది.

నిన్నా ఇలాగే చేసింది. పాపం అనిపించింది. ఆమె ఐసు తీయడానికి వంగినప్పుడల్లా ఆ చేపల్ని చప్పుడు కాకుండా చారల తొట్టిలోకి మార్చాను. నిన్న చేసినట్టే. మేస్త్రీ పట్టుకున్నవి అమ్మ పొరపాట్లే అనుకున్నాను.

మధ్యాహ్నం మేస్త్రీ చారల తొట్టిలోంచి ఒకటి తీసి తిప్పాడు. రెండోవైపు పొట్ట తెల్లగా ఉంది. ఒక్క గీత లేదు. నాకేమీ అర్థం కాలేదు. ఒకవైపే చారలుండే చేప ఉంటుందా?

"ఇవి పెట్టె అడుగు చువ్వల అచ్చులు. ఇదీ అలలదే. ఇంక నావల్ల కాదక్కా."

"నేను అటే వేశాను తమ్ముడూ," అంది అమ్మ. గొంతులో నమ్మకం లేదు. తన వేళ్ళకేసి చూసుకుంటోంది.

"నేను మార్చాను," అన్నాను. "నిన్న కూడా నేనే."

ఐసు కొట్టే పిన్ని వెనక్కి తిరిగింది. "ఓహో, ఈ పిల్లకి నోరుందన్నమాట."

మేస్త్రీ రెండు చేపలు అమ్మ ముందు పెట్టాడు. "కళ్ళు మూసుకుని చెప్పు."

అమ్మ ఒక్కో చేప వీపుమీది ముందు రెక్కని పైకి లేపి, దానికీ వెనక రెక్కకీ మధ్య వేళ్ళు ఆనించింది. "దీంట్లో రెండు వేళ్ళు పట్టి ఇంకా సందుంది, అలలది. దీంట్లో ఒక్కటీ సరిగా పట్టదు, చారలది."

"సరే, రేపు రా. ఈ కళ్ళున్నదాన్ని మాత్రం ఇంట్లో ఉంచు."

దారిలో అడిగాను. "నీకు తెలుస్తున్నప్పుడు నన్నెందుకు తీసుకొచ్చావమ్మా?"

"చూపు తగ్గుతోందని భయమేసి. నిన్న మేస్త్రీ అలా అనేసరికి ఇక నా వేళ్ళకే మతి పోయిందనుకున్నానే."

ఇంటికి రాగానే డైరీలో బొమ్మలు కొట్టేయబోయాను. కానీ బొమ్మలు తప్పు కాదు. నా కళ్ళూ ఉన్న చారల్నే చూశాయి. మరి తప్పెక్కడుందో ఎంత ఆలోచించినా తేలలేదు. బొమ్మల పక్కన రెండు వేళ్ళు ఆనించి, వాటి చుట్టూ పెన్సిలుతో గీత గీశాను.