మేనేజరు గారి పాట

స్నానాల తొట్టెలకు మూతలు తయారు చేసే కంపెనీలో కురమోచి సెక్షను హెడ్డు. తకసాకి ఊరు మొత్తంలో మూతల గురించి అతనికి తెలిసినంత ఇంకొకరికి తెలియదు. ఎవరూ అడగలేదు కూడా. యాభై దాటిన ఆ మనిషికి ఉన్న ఆస్తులు మూడు: బ్యాంకువాళ్ళ ఇల్లు, సొంత నడుం నొప్పి, ఒక పాట.

పాట పేరు 'రేపటి మొదటి రైలు'. అందులో అసలు ప్రాణం ఒక చోట ఉంది. గొంతు ఒక్కసారిగా పైకెక్కి, "వంగిన నడుమే విల్లు తమ్ముడూ, బాణం నీ చేతిలోనే ఉంది" అంటుంది. ప్రమోషను తప్పిపోయిన ఏడు కురమోచి ఆ పాటే పాడాడు. జుట్టు రాలిపోయిన ఏడూ అదే పాడాడు. పాట వల్ల ప్రమోషనూ రాలేదు, జుట్టూ రాలేదు. కానీ మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళాడు. పాట నుంచి అంతకంటే ఆశించడం అత్యాశ.

ఆఫీసు విందయ్యాక కరవోకేలో, అంటే యంత్రం వాయిస్తుంటే తెర మీది అక్షరాలు చూస్తూ మైకులో పాడే చోట, ఎవరి పాట వారిదే. ఇంకొకరి పాట ముట్టుకోవడం కన్నా వాళ్ళ టూత్‌బ్రష్షు వాడుకోవడం మర్యాద. లెక్కల విభాగం ఒగురా గారు ఒక మధ్యాహ్నం అతని బల్ల దగ్గరికొచ్చి, "కురమోచి గారూ, టీ తాగేశారా?" అని చావు కబురు తెచ్చినట్టు మెల్లగా అడిగారు.

"ఎవరైనా పోయారా?"

"మీ పాట పోయింది."

శుక్రవారం కొత్త మేనేజరు సెగావా గారికి స్వాగత విందు. ఏర్పాట్లు చేసేది ఒగురా గారే. ఆయన ఏం తాగుతారో, ఏం తింటారో, ఏం పాడతారో పాత బ్రాంచికి ఫోన్ చేసి కనుక్కోవడం ఆవిడ ధర్మం.

"సెందాయ్ వాళ్ళు ఒక్క ముక్కలో చెప్పేశారండీ. బీరు, కోడి వేపుడు, 'రేపటి మొదటి రైలు'."

మేనేజరు పాట అంటే ఇక అది మేనేజరుదే. ఆయన ముందూ పాడకూడదు, తర్వాతా పాడకూడదు. ఆయన బదిలీ అయ్యేదాకా అంతే.

"దానిదేముంది, లోకంలో వేరే పాటలే లేవా?" అన్నాడు కురమోచి.

"లోకంలో ఉన్నాయి. మీకే లేవు."

ఆ వారమంతా కురమోచి ఇంట్లో తొట్టెలో కూర్చుని, కంపెనీ మూత సగం మూసుకుని, కొత్త పాటలు సాధన చేశాడు. ఓడరేవుల పాట, మంచు పాట, తల్లి పాట. అన్నిట్లోనూ ఎవరో ఒకరు ఏడుస్తున్నారు.

"ఏమండీ, తొందరగా బయటికి రండి, నీళ్ళు చల్లారిపోతున్నాయి. నేనూ అవే నీళ్ళలో మునగాలి," అని తలుపవతల నుంచి భార్య కజుయో కేకేసింది. "పక్కింటి మియాకే గారు పొద్దున అడిగారు, మీ ఇంట్లో ఎవరు పోయారని."

"ఏం చెప్పావు?"

"ఇంకా ఎవరూ పోలేదన్నాను."

శుక్రవారం సాయంత్రం తిండయ్యాక అందరూ కరవోకే గదిలో సర్దుకున్నారు. కురమోచి చేతికి గిలకల తప్పెట ఇచ్చారు. పాడనివాడికి అదే గతి. తోటివాళ్ళు అతన్ని పరామర్శకు వచ్చినట్టు చూస్తున్నారు.

సెగావా గారు భారీ మనిషి. రైల్లో నిలబడి పట్టీ పట్టుకున్నట్టు మైకు పట్టుకున్నారు. కింది స్థాయి బాగానే పాడారు. కురమోచి తప్పెట కొడుతూ, పరాయివాడి చెయ్యి పట్టుకుని వెళ్తున్న పాత స్నేహితురాల్ని చూసినట్టు తెర మీది అక్షరాలు చూశాడు.

పైకెక్కే చోటు వచ్చింది. సెగావా గారి గొంతు ఎక్కబోయి, మెట్టు మీదే చతికిలబడింది.

పైవాడి గొంతు బొంగురుపోతే ఏం చెయ్యాలో ఆఫీసుకి తెలుసు. నలుగురు కిందపడ్డ వేరుశనగ గింజ కోసం వెతికారు. మిగిలినవాళ్ళు చప్పట్ల జోరు పెంచారు. కురమోచి కూడా తప్పెట జోరు పెంచబోయాడు. కానీ అన్నేళ్ళ అలవాటున్న గొంతు అతన్ని అడక్కుండానే తెరుచుకుంది.

"వంగిన నడుమే విల్లు తమ్ముడూ..."

మైకు లేకపోయినా గోడలు అదిరాయి. చప్పట్లు ఆగిపోయాయి. ఒగురా గారు కళ్ళు మూసుకున్నారు.

కురమోచి ముక్కు కోడి వేపుడుకి తగిలేంతగా వంగాడు. "క్షమించండి మేనేజరు గారూ! నోరు జారింది!"

"జారడమేంటయ్యా, ఎక్కితేను! ఈ పాట నీదా?"

ఒగురా గారే అందుకున్నారు. "ఆయనదేనండీ. మీరొచ్చేదాకా."

"మరి నేనెందుకు పాడుతున్నాను?"

"మీరు మేనేజరు కదండీ."

"సెందాయ్‌లో నేను ఈ చోటుకి రాగానే ఆఫీసంతా దగ్గేది. ఒక్కడికీ జలుబుండేది కాదు," అన్నారు సెగావా గారు. "రెండో మైకేదీ? మొదట్నుంచి పెట్టండి. కురమోచీ, కింద నేను, పైన నువ్వు. ఆఫీసులో మాత్రం పైన నేను, కింద నువ్వు, సరేనా?"

ఈసారి వేరుశనగ గింజలు ఎవరూ వెతకలేదు. ఒగురా గారు సోఫా ఎక్కి తప్పెట వాయించారు. యంత్రం పాటకి నూటికి తొంభై నాలుగు మార్కులు వేసింది. కురమోచి ఒంటరిగా ఎన్నడూ తొంభై మొహం చూడలేదు. మేనేజరు గారు కూడా చూసి ఉండరు, కానీ ఆ సంగతి అడిగే ధైర్యం ఎవరికుంది?

ఇంటికొచ్చేసరికి కజుయో టీవీ చూస్తోంది.

"ఏం ఏడుపు పాట పాడారు?"

"నాదే పాడాను. సగం."

"ఏ సగం?"

"పై సగం."

"అయితే మంచిదే. వెళ్ళి స్నానం చెయ్యండి, నీళ్ళు వేడిగా ఉన్నాయి."

కురమోచి తొట్టెలో దిగి, ఈసారి మూత పూర్తిగా తీసి పక్కన పెట్టి, పాట అందుకున్నాడు. వంటింట్లోంచి కింది స్థాయి వినిపించింది. కజుయోకి ఆ పాట వచ్చని అతనికి అప్పటిదాకా తెలియదు. ఇన్నేళ్ళు తలుపవతల నిలబడి నీళ్ళ కోసం ఎదురుచూసిన మనిషికి రాక ఏం చేస్తుంది!

పొద్దున కజుయో చెత్త సంచీ పెట్టడానికి వెళ్తే మియాకే గారు ఎదురొచ్చి తల వంచారు. "శుభాకాంక్షలండీ. రాత్రి పాట వినిపించింది, ఇంట్లో పెళ్ళి ఏదైనా కుదిరిందా?"

"లేదండీ," అంది కజుయో. "మా ఆయనకి పాట తిరిగొచ్చింది."