పేరు రాయలేదు కదా

మా మరదలి నోట్లో నువ్వుగింజ నానదని మా తమ్ముడు పెళ్లయిన నెలకే చెప్పాడు. విన్నానా? లేదు. పైగా నర్సు కదా, రోగుల గుట్టు కాపాడటం దాని ఉద్యోగమే కదా అనుకుని, రొమ్ములో గడ్డ తగలగానే దాని దగ్గరికే పరుగెత్తాను. ఎడమ రొమ్ము తీసేయాలన్నారు. అది పనిచేసే వార్డులోనే చేరాను.

"నా కూతురికి మాత్రం తెలియకూడదే. ఆఖరి ఏడాది పరీక్షలు. అవి అయ్యాక నేనే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పుకుంటాను."

"నీ మీద ఒట్టు వదినా," అంది చేతిలో చెయ్యేసి.

స్కూలు యూనిఫారాలు కుట్టే పని మీద ఊరెళుతున్నానని హాస్టల్లో ఉన్న కూతురికి చెప్పాను. నేను టైలర్ని లెండి. ఆపరేషనైన ఐదో రోజు మంచం మీదే కూర్చుని, కూతురి చిన్నప్పటి గౌను గుడ్డలో దూదీ, బరువు కోసం గుప్పెడు ఆవాలూ కూరి, లోపల పెట్టుకోవడానికి ఒక రొమ్ము కుట్టుకున్నాను. మరదలు చూసి కళ్లు తుడుచుకుంది. పిచ్చిమొహాన్ని, అదంతా నా మీద ప్రేమే అనుకున్నాను.

మళ్లీ దుకాణం తెరిచిన వారానికి, జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ టేపు వంక చూడటం మానేసి నా గుండెల వంక చూసింది. "ఎంత గట్టిదానివమ్మా! మీ మరదలు రాసింది చదివి ఏడ్చేశాను," అంటూ ఫోన్ చూపించింది. 'మా వార్డు కబుర్లు' అని ఫేస్‌బుక్‌లో ఒక పేజీ అట. టైలరమ్మ, ఆవాలు, గౌను మీది పసుపు బాతులు, కూతురికి చెప్పిన యూనిఫారాల అబద్ధం, అన్నీ ఉన్నాయి. రెండు వేల మంది దండం బొమ్మలు పెట్టారు.

ఒళ్లు మండిపోయింది. అప్పటికప్పుడు మరదలికి ఫోన్ చేశాను.

"పేరు రాయలేదు కదా వదినా! ఊరు కూడా రాయలేదు. పేరు లేకపోతే తప్పు లేదని మా వార్డులో అందరూ రాస్తారు. అయినా పొగిడానే గానీ నిన్ను ఒక్క మాటన్నానా?"

"ఆవాలతో రొమ్ము కుట్టుకున్న టైలర్లు ఎంతమంది ఉంటారే? ముందు తీసెయ్!"

తీసేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

సాయంత్రం కూతురు వచ్చింది. తెల్లారితే పరీక్ష, చేతిలో పుస్తకం లేదు. నన్ను వాటేసుకోబోయి, ఎక్కడ నొప్పి పుడుతుందో తెలియక గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరో మహాతల్లి అనుకుని నేనూ దండం పెట్టానమ్మా. తర్వాత బాతుల దగ్గరికి వచ్చాను."

"మీ అత్త ఇంత పని చేస్తుందని నేను కలలో కూడా..."

"అత్త సంగతి వదిలెయ్! నిన్ను కోస్తున్న రోజు నేను సినిమాలో ఉన్నాను. రెండు వేల మంది తర్వాతా నేను?"

మరదలి కోసం దాచుకున్న తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి. నీ పరీక్షల కోసమేనే తల్లీ అనబోయి, సిగ్గేసి, దాని చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాను.