సీసానికి కోపం రాలేదు

చేయాల్సిన పనులు ఇవి.

కిటికీ మూయాలి. సందుల్లో పాత చీర కుక్కాలి. ఇంటి సేటుకు పొగ కనబడకూడదు.

అచ్చు లోపలి వైపు దీపం మసి పట్టించాలి. పొడిగా ఉండాలి — ఒక్క నీటి చుక్క ఉన్నా సీసం ఎగిరి ముఖాన పడుతుంది.

కుంపటి అంచున పెట్టి అచ్చును కాగనివ్వాలి.

గిన్నెలో సీసం వేయాలి. కరిగేటప్పుడు అది ముందు చెమట పట్టినట్టు మెరుస్తుంది. పైన తేలిన తెట్టు గరిటెతో తీయాలి. మైనం ముక్క వేసి మండనివ్వాలి. మళ్ళీ తీయాలి.

పుల్ల గుచ్చాలి. పోయాలి. ఆగాలి.

మెరుపు పోయి మబ్బు కమ్మేదాకా ఆగాలి.

అప్పుడు పుల్ల లాగాలి. అచ్చు విప్పాలి.

వీటన్నిటికన్నా ముందు — కడుపుతో ఉన్న మనిషిని బయటికి పంపాలి.

జమున ఆ ఒక్కటి తప్ప అన్నీ చేసింది.

ఆ ఒక్కటీ ఆమె చేతిలో లేదు.

*

ఆ వేసవిలో మగ్గాలు ఆగిపోయాయి.

పగలూ రాత్రీ చెవుల్లో దంచిన చప్పుడు, ఎవరో గొంతు నొక్కినట్టు ఒక్కసారిగా ఆగింది. రోగం వచ్చిందన్నారు. గడప దాటవద్దన్నారు. ఊరుగాని ఊళ్ళో, ఆ ఇచ్ఛాపూర్ సందులో, కార్ఖానాల షట్టర్లన్నీ దిగాయి. ఆ నిశ్శబ్దంలోనే జమునకు మొదటిసారి కడుపులో కదలిక తెలిసింది.

చేపపిల్ల తోక ఆడించినట్టు.

ఆరేళ్ళకు నిలిచిన కడుపు. ఆ కదలికను ఆమె వెంటనే ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్ళు తనకే ఉంచుకుంది, పండును కొంగులో దాచుకున్నట్టు.

ఒకటే గది. గదిలో ముగ్గురు — ఆమె, ఆమె మగడు పరమేశ్, అత్త కనకవ్వ. పరమేశ్ మగ్గం మీద పనివాడు. అతని తాతతండ్రులు మాత్రం గోదారి మీద వలలు వేసి బతికినవాళ్ళు. వల వదిలి మగ్గానికి వచ్చాడు. ఇప్పుడు మగ్గం అతన్ని వదిలింది.

బియ్యం, పిండి డబ్బాలకు ఒక్కొక్కదానికే అడుగు కనబడుతోంది.

అప్పుడు అతని కంట ఒక సంగతి పడింది. పనిలేని మగవాళ్ళు పోలీసుల కన్నుగప్పి తాపీ నది ఒడ్డుకు పోతున్నారు, సముద్రపు పోటు వచ్చే ఆ బురద పాయల్లోకి. వలలున్నాయి. వల అంచున కట్టే సీసపు గుండ్లు లేవు. దుకాణాలు మూత. గుండ్లు లేని వల మునగదు. ఆరేసిన చీరలా నీళ్ళ మీద తేలుతుంది.

గుండ్లు పోసిస్తే పిండి వస్తుంది. నూనె వస్తుంది. చేపలు వస్తాయి.

అచ్చు కావాలి.

మొదట తాత చేసినట్టే టేకు చెక్కలో గుంటలు తొలిచాడు. కొన్ని పోతలకే లోపలంతా బొగ్గయింది. తర్వాత నల్లమట్టితో చేసి కాల్చాడు. అది మొదటి పోతకే నోరు తెరిచింది. చివరికి పాయ ఒడ్డున ఒక ముసలి గుజరాతీ జాలరి దగ్గర అల్యూమినియంది దొరికింది. అచ్చును వాళ్ళ భాషలో బీబు అన్నాడతను. రెండు చిప్పలు, మధ్యలో బందు, కర్ర పిడులు. పరమేశ్ దాన్ని మూసి ఎండకు ఎదురుగా పట్టాడు. చిప్పల నడుమ వెలుతురు పోగంత కూడా రాలేదు. వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. సన్నగా, శుభ్రంగా మోగింది.

సైకిలు ఇచ్చి అచ్చు తెచ్చాడు. ఇచ్చే ముందు చక్రంలోంచి ఒక పుల్ల పీకి దాచుకున్నాడు — గుండులో తాడు దూరే బెజ్జం కోసం.

సీసం, పాత సామాను కొనే భంగార్ దుకాణం వెనక తలుపులోంచి వచ్చింది. పాత బ్యాటరీలు. పగలగొడితే లోపల బూడిదరంగు రేకులు, రేకుల నిండా పిండి లాంటి పొడి. ఆ పొడి బియ్యం డబ్బా మీద పడింది. చీపురు మీద పడింది. జమున దుప్పటి మీద పడింది.

దులిపితే లేచింది. మళ్ళీ అక్కడే కూర్చుంది.

*

కనకవ్వ కట్టడి చెప్పింది. ఆమె అత్తగారు చెప్పిందట, ఆ అత్తగారికి ఆమె అత్తగారు.

"కడుపుతోని ఉన్నోళ్ళు సీసం కాడికి రావద్దు. సీసానికి కోపమొస్తది. గుండ్లు గుంటలు పడ్తయి."

ఎందుకని ఎవరూ అడగలేదు. గోదారి ఒడ్డున కూడా ఎవరూ అడిగి ఉండరు. అక్కడ గాలి ఉంది, ఇసుక ఉంది, ఆడవాళ్ళు దూరంగా వెళ్ళి కూర్చోవడానికి చెట్ల నీడ ఉంది.

మొదట్లో జమున మెట్ల మీద కూర్చునేది. లోపల పరమేశ్ పోస్తే, పక్కగది దశరథం అచ్చు పట్టేవాడు. దశరథం పరమేశ్‌తోపాటు మగ్గం మీద పనిచేసినవాడు, నోరు మూతపడని మనిషి. మెట్ల మీదికి వినబడేలా అనేవాడు: "ఈ అచ్చు పట్టుకునుడు కొత్త పెండ్లాం చెయ్యి పట్టుకున్నట్టే ఉన్నదే జమునా. పట్టుకుంటే కాల్తది. ఇడిస్తే ఇంటిల్లిపాది తిడ్తరు."

జమున కొంగు నోట్లో కుక్కుకొని నవ్వేది. కడుపు కదిలేది.

ఆ నవ్వే ఆ ఏటికి ఆఖరి నవ్వని ఆమెకు అప్పుడు తెలియదు.

సొంత ఊళ్ళకు పోయేవాళ్ళ కోసం రైళ్ళు వదిలారు. దశరథం వెళ్ళిపోయాడు. పరమేశ్‌కు సీటు దొరకలేదు.

పోసేవాడు ఒకడు. పట్టేవాళ్ళు కావాలి. కనకవ్వ చేతులు వణుకుతాయి, పుల్ల లాగేలోపు సీసం దాన్ని కరుచుకుంటుంది. వీధిలో ఎవరినీ పిలవకూడదు. పిలిస్తే సేటుకు తెలుస్తుంది, లేదా వాళ్ళే రేపు ఇంకో కుంపటి పెడతారు.

పరమేశ్ తల్లి వైపు చూశాడు.

కోడలి మీద కనకవ్వకు కక్ష లేదు. కూరలో పెద్ద ముక్క కోడలి పళ్ళెంలోనే వేస్తుంది. కట్టడినీ ఆమె తేలిగ్గా తీసుకునే మనిషి కాదు. అందుకే ఒక తీర్పు చెప్పింది.

సీసాన్నే అడుగుదాం, అంది.

జమున చేత అచ్చు పట్టించాలి. గుంటలు పడితే — సీసానికి కోపం వచ్చినట్టు. కోడలు మెట్ల మీదికి వెళ్ళిపోతుంది, మరో దారి చూసుకుంటారు. గుంటలు పడకపోతే... పడకపోతే సరే.

జమున కూర్చుంది. అచ్చు పట్టింది.

సీసం వెండి దారంలా దిగింది. పొగతోపాటు నాలుక మీద ఏదో తీపి తగిలింది.

మెరుపు పోయింది. మబ్బు కమ్మింది.

మొదటి గుండు ముడతలు పడి, గుంటలు పడి వచ్చింది. జమున గుండె తేలికపడింది. లేవబోయింది. పరమేశ్ ఆగమన్నాడు. మొదటిది ఎప్పుడూ అట్లనే వస్తది, అచ్చు ఇంకా కాగాలె, అన్నాడు.

రెండోది కొంచెం నయం.

మూడోది నేరేడు పండులా నిగనిగలాడుతూ వచ్చింది.

కనకవ్వ దాన్ని అరచేతిలో దొర్లించింది. బొటనవేలితో రుద్దింది. ముఖం వికసించింది. నిజంగానే సంతోషించింది, ఆ ముసలమ్మ. కోడలి తల నిమిరింది.

"చూశినవా బిడ్డా. సీసానికి నీ మీద కోపం లేదు."

*

ఆ తర్వాత రోజూ గుండ్లనే చూశారు.

ఎవరూ జమునను చూడలేదు.

తల నొచ్చేది. కడుపులో తాడు మెలిపెట్టినట్టు ఉండేది. చిగుళ్ళ అంచున సన్నటి నల్లగీత దిగింది. అన్నం తిన్నా, నీళ్ళు తాగినా అదే తీపి. కనకవ్వ సాయంత్రం గుండ్లను గుడ్డ మీద పరిచి ఒక్కొక్కటే తడిమేది. నున్నగా ఉన్నాయి. అన్నీ నున్నగా ఉన్నాయి. అంటే అంతా బాగానే ఉంది.

లోపలి చేపపిల్ల తోక ఆడించడం తగ్గించింది.

జమున ఒకసారి చెప్పింది. కదలడం లేదత్తా, అంది. కనకవ్వ ఆ పొద్దు పోసిన గుండ్లను తెచ్చి కోడలి ఒళ్ళో పోసింది. చూడు, అంది. ఏమన్న ఉంటే వీటిల కనబడదా?

ఒడి బరువుగా ఉంది. చల్లగా ఉంది.

ఆ రోజు నుంచి జమున సీసాన్ని బతిమాలింది. కోపం తెచ్చుకో, అంది. ఒక్కసారి. నా మీద కాకపోతే వీళ్ళ మీద. సీసం మెరిసింది. మబ్బు కమ్మింది. నున్నగా పుట్టింది.

సీసానికి కోపం రాలేదు.

అప్పుడు ఆమెకు దారి తోచింది.

అచ్చు చల్లగా ఉంటే సీసం ముడుచుకుంటుంది. ఇన్నాళ్ళుగా పట్టిన చేతులకు ఆ సంగతి తెలుసు. మర్నాడు పొద్దున పరమేశ్ తెట్టు తీస్తున్నప్పుడు, ఆమె అచ్చును కుంపటి అంచు నుంచి జరిపి గడప బండ మీద పెట్టింది. బండ చల్లగా ఉంది. బండ మీద చెయ్యి పెట్టి కూర్చుంది. అచ్చులోంచి వేడి బండలోకి దిగడం వేళ్ళకు తెలుస్తూనే ఉంది.

పోశారు. గుండుకు గుంటలు పడ్డాయి.

మళ్ళీ పోశారు. ముడతలూ గుంటలూ.

ఇంకోటి. మశూచి ముఖంలా.

కనకవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది. పెదవులు కదిలాయి — గంగమ్మనో, చచ్చిన అత్తనో తలచుకుంది. కోడలి కడుపు వైపు చూసింది. ఆ చూపులో భయం ఉంది. లెమ్మని చెప్పడానికి నోరు తెరిచింది. తలుపు గడియ వైపు కూడా చూసింది.

ఆ తలుపు అవతల మెట్లు. మెట్ల మీద గాలి.

పరమేశ్ గుండును పటకారుతో ఎత్తి చూశాడు. బండ మీది అచ్చును చూశాడు. బండ మీది చేతిని చూశాడు. భార్య ముఖం చూశాడు.

అతనికి అర్థమైంది. అంతా అర్థమైంది.

ఊరుకుంటే చాలు. నోరు తెరవకుండా ఒక్క ఊపిరి పీల్చి వదిలితే చాలు.

సంచీలో సగం పిండి ఉంది. పాయ ఒడ్డున మాట ఇచ్చిన వలలున్నాయి.

"అచ్చు సల్లవడ్డదే," అన్నాడు తల దించుకొని. "జర కాగవెట్టు."

కనకవ్వ ఊపిరి వదిలింది. గుంటలు పడ్డ రెండు గుండ్లను తిరిగి గిన్నెలో వేసింది. అవి కరిగాయి. కరిగి మెరిశాయి. ఒకప్పుడు గుంటలున్నాయని ఎవరూ చెప్పలేనంతగా మెరిశాయి.

మూడోది దొర్లి బియ్యం డబ్బా కిందికి పోయింది.

జమున అచ్చును కుంపటి అంచున పెట్టింది. కాగబెట్టింది.

*

మొదటి వాన పడిన రోజు బిడ్డ పుట్టింది.

ఏడవలేదు.

ఆడపిల్ల. పెదవులు మూసుకొని, గుప్పిళ్ళు మూసుకొని. ఆసుపత్రివాళ్ళు రోగం లేదని రాసి తెస్తేనే లోపలికి రానిస్తామన్నారు. అందుకని అంతా ఆ గదిలోనే జరిగింది, ఆ కుంపటి పక్కనే. కనకవ్వ బొడ్డు కోసింది. బిడ్డ ఒంటి మీద చెయ్యి వేసి తడిమింది — నుదురు, వీపు, అరికాళ్ళు. అలవాటుగా తడిమింది.

ఎక్కడా గుంటలు లేవు.

నున్నగా ఉంది.

ముసలమ్మ అప్పుడు నోట్లో గుడ్డ కుక్కుకొని ఏడ్చింది. ఏం తప్పు జరిగిందో ఆమెకు చచ్చేదాకా తెలియదు. సీసం అబద్ధం చెప్పిందనే అనుకుంటుంది.

శ్మశానం గేటు మూసి ఉంది. పరమేశ్ బిడ్డను పాత పంచెలో చుట్టుకొని వానలో పాయ వైపు నడిచాడు. ఒట్టి చేతులతో తిరిగి వచ్చి గోడకు ఆనుకొని కూర్చున్నాడు. మోకాళ్ళ దాకా బురద.

జమున అతని నడుము చూసింది. పొద్దున అక్కడ గుండ్ల సంచీ వేలాడుతూ ఉండింది. ఇప్పుడు లేదు.

"తేలకుంట కట్టినవా?"

అతను తల ఊపాడు.

"ఏవి కట్టినవ్?"

అతను మోకాలి మీది బురదను గోటితో గీకాడు.

"మంచియే. ఏరి కట్టిన... నున్నగున్నయి."

అతను ప్రేమతోనే అన్నాడు. అదే ఆమె మరిచిపోలేకపోయింది.

*

మళ్ళీ వేసవి వచ్చింది. రోగం మళ్ళీ వచ్చింది. కార్ఖానాలలో సగం షట్టర్లు మళ్ళీ దిగాయి.

పరమేశ్ అటక మీది నుంచి అచ్చు దించాడు. చిప్పలు మూసి ఎండకు పట్టి చూశాడు. వెలుతురు రాలేదు. ఇంకా బాగానే ఉంది.

కిటికీ మూశారు. సందుల్లో చీర కుక్కారు.

జమునకు నెల తప్పింది. ఇంకా ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఏమవుతుందో తెలుసు — కనకవ్వ భయపడుతుంది, తల నిమురుతుంది, సీసాన్నే అడుగుదామంటుంది. చెప్పకపోతే ఏమవుతుందో అదీ తెలుసు.

కొంగు ముడిలో ఒక గుండు ఉంది. డబ్బా కింద దొరికింది. గుంటలు, ముడతలు. ఆ ఇంట్లో నిజం చెప్పిన గుండు అదొక్కటే. చెప్పించింది తనే.

ఆమె అచ్చుకు మసి పట్టించింది. కాగబెట్టడానికి కుంపటి వైపు చాపింది... చాపిన చెయ్యి గాలిలో ఆగింది. ఒక పక్క కుంపటి. ఒక పక్క గడప బండ. పరమేశ్ గరిటె పట్టుకొని ఆమె వైపు చూస్తున్నాడు.

గిన్నెలో సీసం చెమట పట్టినట్టు మెరిసింది.

మబ్బు కమ్మేదాకా ఆగాలి.

మీరెప్పుడైనా ఆ పాయల వైపు వెళితే, ఎవరైనా వల విసిరితే, అది గాలిలో గుండ్రంగా విచ్చుకొని నీళ్ళ మీద చినుకుల్లా రాలితే — అంత నున్నటి చప్పుడు మీ చెవిన పడితే — ఒక్క క్షణం ఆగి, జమునను గుర్తు చేసుకోండి.