మీటరుకు మంచిగాలి

మా డైరెక్టరు బోర్కెవిచ్‌కు బొగ్గు గురించి తెలిసిందల్లా దాని ధర. పొట్టి మనిషి. ఏడాదికోసారి ఇస్త్రీ చేసిన తెల్లబట్టల్లో గనిలోకి దిగుతాడు. దిగేముందు మేం దారి ఊడ్చి పెట్టాలి. పైకొచ్చాక మోకాళ్ళకు కాస్త మసి అంటితే ఫొటో తీయించుకుంటాడు. ఆ మహానుభావుడికి ఈసారి భద్రతా పతకం ఇచ్చారు. ఏడాది పొడుగునా మా సొరంగంలో గ్యాసు మీటరు ఒక్కసారి కూడా పని ఆపించలేదట!

ఎలా ఆపిస్తుంది? పైకప్పుకు వేలాడే ఆ పెట్టె గ్యాసు రెండు శాతం చూపిస్తే కరెంటు దానంతటదే పోతుంది. కరెంటు పోతే బోనసు పోతుంది. అందుకని మా షిఫ్టు పని చూసే ఓవర్‌మన్ రుఫిన్ దాని మూతి దగ్గర గాలి గొట్టం కట్టేశాడు. చుట్టూ ఎంత గ్యాసున్నా అది మాత్రం హాయిగా మంచిగాలి పీలుస్తుంది. మా వాళ్ళూ తక్కువ తినలేదు, బోనసు అందరికీ తీపే.

మా తాతల కాలంలో దీపం మంట చుట్టూ నీలిరంగు కనిపిస్తే గ్యాసొచ్చిందని పనిముట్లు అక్కడే పారేసి పరిగెత్తేవాళ్ళు. అక్షరం ముక్క రాని ఆ మనుషులు మంటను మోసం చేయాలని ఎన్నడూ అనుకోలేదు. అయినా ఒక పేలుడు మా వీధిలో సగం ఇళ్ళను మగదిక్కు లేకుండా చేసింది. చదువుకున్న మేం ఇప్పుడు అంకెను మోసం చేసి చప్పట్లు కొట్టుకుంటున్నాం.

ఆ మీటరు కిందే మా తమ్ముడు ఆహిమ్ కోత మిషను నడుపుతాడు. ఇంట్లో వాడి పెళ్ళానికి నెలలు నిండాయి. భద్రతాధికారి దగ్గరికి వెళ్ళి గొట్టం సంగతి చెప్తే, "ఏం ఎవాల్డ్, ఉద్యోగం బరువైందా?" అన్నాడు.

ఇక మిగిలింది గనివాళ్ళను కాచే సెయింట్ బార్బరా పండగ ముందు జరిగే బీరు విందు. అక్కడ ఎవరిని ఎంత మాటైనా అనొచ్చు, మర్నాడు దాన్ని మనసులో పెట్టుకోకూడదు. విందుపెద్ద వేసిన శిక్ష డైరెక్టరైనా కాదనకూడదు. నేను బల్లెక్కాను.

"విందుపెద్దా! ఈ గనిలో అందరికంటే మంచిగాలి పీల్చేదెవరో తెలుసా? డైరెక్టరు గారనుకుంటున్నారేమో! కాదు, మా మీటరు! గొట్టం పెట్టి మరీ సాకుతున్నాం దాన్ని!"

హాలంతా గొల్లుమంది. రుఫిన్ నవ్వాడు. డైరెక్టరైతే కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రాణాల మీది సంగతి చెప్తే నవ్వే ఈ మందను చూస్తే అసహ్యమేసింది.

"అయితే డైరెక్టరుకు శిక్షేంటో నువ్వే చెప్పరా," అన్నాడు విందుపెద్ద గింటర్, రిటైరైన ముసలాడు.

"రేపు సారు మా షిఫ్టుతో దిగి, ఆ మీటరు కింద మా తమ్ముడి పక్కన కూర్చోవాలి. గొట్టం లేకుండా."

"ఓస్, ఇంతేనా! వస్తానోయ్!" అని డైరెక్టరు గ్లాసెత్తాడు.

రాకపోతే మా సిలీషియా గనుల సీమంతా నవ్వుతుందని మర్నాడు వచ్చాడు, అవే తెల్లబట్టల్లో.

"కూర్చోండి సార్, దుమ్ము దులిపాను," అని ఆహిమ్ చెక్కదుంగ చూపించాడు. "పతకం తెచ్చుకున్నారా?"

డైరెక్టరు మీటరు వైపు చూశాడు. సున్నా పాయింటు నాలుగు. "చూశావా ఎవాల్డ్? ఊరికే జనాన్ని భయపెడతావు."

నేను గొట్టం కట్టిన తీగ విప్పాను. గొట్టం బుస్సుమంటూ కింద పడింది. కాసేపటికి అంకె కదిలింది. ఒకటైంది, ఒకటిన్నర అయింది. ఆయన నవ్వు ఆగిపోయింది. రెండు దగ్గర కరెంటు పోయి మిషన్లన్నీ ఆగాయి. ఆ నిశ్శబ్దంలో బొగ్గులోంచి గ్యాసు చిటపటలాడడం అందరికీ వినిపించింది.

లేచి పరిగెడతాడనుకున్నాను. పరిగెత్తి ఉంటే మనిషేలే అని క్షమించేవాణ్ణి. ఆయన ఆగిపోయిన బొగ్గు మోసే బెల్టు వైపు చూశాడు.

"ఏంట్రా చూస్తున్నారు? ఆ గొట్టం మళ్ళీ పెట్టండి!"

అలవాటుగా రుఫిన్ వంగాడు. ఆహిమ్ గొట్టం మీద బూటు పెట్టాడు.

"మీరే పెట్టుకోండి సార్," అన్నాడు. "మేం పైకి పోతున్నాం. పద అన్నయ్యా."

ఒక్కొక్కరూ కదిలారు. చివరికి రుఫిన్ కూడా తలొంచుకుని మా వెనకే వచ్చాడు. మలుపు దగ్గర తిరిగి చూశాను. డైరెక్టరు చేత్తో గొట్టం పట్టుకుని, మీటరు అందక ఎగురుతున్నాడు.