లేవకముందే ఆగిపోయిన ఆరో పాట

నేను ఒక ఆడియో ఫైలును. కంటికి కనపడను, చేతికి దొరకను, చెవులున్నవాళ్లకు తప్ప ఎవరికీ అక్కరకు రాను. పైగా మహా పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను ఆడిపోసుకోవద్దు. యాభై ఎనిమిది నిమిషాల పొడవున్న ఒకే ఒక్క ముక్కగా పుట్టి, పుట్టిన గంటకే కత్తెర కింద పడితే మీకు మాత్రం ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

నేను పుట్టింది బొబ్బిలిలో, తిరుపతిరావు సెల్‌ఫోన్ల కొట్టులో. ఒకప్పుడు అది క్యాసెట్ల కొట్టు. ఆ రోజుల్లో జనం పాత క్యాసెట్టు తెచ్చి ఇస్తే, దాని మీదే కొత్త పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. ఇప్పుడు ఫోన్లకు గాజు అద్దాలు అతికిస్తున్నాడు. అయినా మూలన ఒక టేపు రికార్డరును కంప్యూటరుకు తగిలించి ఉంచాడు, నాలాంటివాళ్లు పుట్టడానికి.

నా పుట్టుకకు కారణం సన్యాసమ్మగారు. ముప్పై ఏళ్ల కిందట ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆమె హరికథకు కదిలి వచ్చేవి. కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు, పక్కన మృదంగం మీద భర్త గవరయ్యగారు. నాలుగేళ్ల కిందట ఆమె గొంతుకు ఆపరేషన్ జరిగింది. అప్పటి నుంచి మాట బొంగురుగానైనా వస్తోంది గానీ పాట రావడం లేదు. రాదని ఆమే తేల్చేసుకుంది. దేవుడి ముందు హారతి పాటైనా పాడదట.

ఆ రోజు ఆమె ఒకప్పటి తమ హరికథ క్యాసెట్టు బల్ల మీద పెట్టి విషయం చెప్పింది. గవరయ్యగారికి పక్షవాతం వచ్చి మూడు నెలలైంది. నోరు పడిపోయింది, కుడి చెయ్యి కొద్దిగా మిగిలింది. ఆయన వాయించినదే ఆయనకు వినిపించమని, ఆ వేళ్లు కదిలితే ఆశ ఉన్నట్టేనని డాక్టరు చెప్పాడు. ఎక్కువసేపు వింటే ఆయన అలిసిపోతాడు, అందుకని రోజుకు ఒక్క పాట. గంటసేపు సాగే ఫైలులో కావలసిన చోటు వేలితో పట్టుకోవడం ఆమెకు చేతకాదు. కాబట్టి నన్ను ముక్కలు చేయాలి.

ఆ మాట వినగానే నా గుండె గుభేలుమంది. మా జాతిలో ముక్కలైన తర్వాత పెద్ద ఫైలును ఉంచరు. జాగా దండగ అని తుడిచేస్తారు.

"ఎక్కడ కోసినా నానేటీ అన్ను తిరుపతీ. రాకుమారుడు సచ్చిపోయిన కాడ మాత్రం కొయ్యకు. ఆడు లెగిసినాకే కొయ్యి" అంది సన్యాసమ్మగారు.

హరికథ చెప్పేవాళ్ల పద్ధతి అది. కథలో చావు వచ్చాక అక్కడ ఆపి లేవకూడదు. చనిపోయినవాడు బతికేదాకానో, తర్వాతి శుభం వచ్చేదాకానో చెప్పి తీరాలి. నా కథలో రాకుమారుడు పాము కరిచి చనిపోతాడు, భార్య పాటకు తిరిగి లేస్తాడు. రికార్డింగు నాడు క్యాసెట్టు మొదటి వైపు ముప్పై నిమిషాల్లో ఈ రెండూ పట్టకపోతే, గవరయ్యగారు తాను ఒంటరిగా వాయించే నాలుగు నిమిషాలూ వదులుకున్నాడు. చావు ఒక వైపు, బతుకు ఇంకో వైపు పడకూడదని.

"అలాగేనమ్మా" అన్నాడు తిరుపతిరావు, ఎవరిదో ఫోను మూత ఊడదీస్తూ. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

ముసలి టేపు ఆ ఒక్కసారికే పలికింది. వెనక్కి తిప్పుతుంటే తెగి చిక్కుపడిపోయింది, ఇక అతకదు. అంటే లోకంలో మిగిలింది నేనొక్కదాన్నే. తిరుపతిరావు నన్ను తెర మీద పొడుగ్గా పరిచి, రెండు సెకన్లకు మించి నిశ్శబ్దం ఉన్న ప్రతిచోటా కొయ్యమని కంప్యూటరుకు చెప్పి, అద్దాల పనిలో పడ్డాడు. నిశ్శబ్దం అంటే పాట అయిపోవడమేనని మనుషుల లెక్క. సన్యాసమ్మగారి లెక్క వేరు. రాకుమారుడు కన్ను మూయగానే ఆమె చిడతలు గుండెకు ఆనించుకుని, శ్రుతిపెట్టె కూడా ఆపించి, పదకొండు సెకన్లు ఊరుకునేది. పందిళ్లలో జనం ఏడ్చేది అప్పుడే. కత్తెర ఒక్కొక్క పాటా దాటుకుని ఆ పదకొండు సెకన్ల వైపు వస్తుంటే అరుద్దామనుకున్నాను. నాలో అంత సంగీతం ఉండి ఏం లాభం, ఎవరో నొక్కితే తప్ప నోరు లేవదు.

కోసేసింది. పది ముక్కలయ్యాను. క్యాసెట్టు అట్ట మీద తొమ్మిది పాటల పేర్లే ఉన్నాయి. తిరుపతిరావు ఒక్క క్షణం బుర్ర గోక్కున్నాడు. మొదటి వైపు చివరిదైన ఆరో పాట తర్వాత బోలెడు నిశ్శబ్దం, ఆ తర్వాత రెండున్నర నిమిషాల తోక. పాత క్యాసెట్ల మీద కొత్త పాటలు ఎక్కించిన చెయ్యి కదా, ఇలాంటి తోకలు ఎన్ని చూసిందో. కొత్త పాట అయిపోయాక కింద మిగిలిన పాత పాట వినిపించడం ఆ కొట్టులో మామూలే. ఇదీ అదే అనుకున్నాడు. విననైనా వినకుండా రాకుమారుడు లేచే ముక్కను తుడిచేశాడు. లెక్క తొమ్మిదికి సరిపోయిందని తృప్తిపడి పెద్ద ఫైలునూ తుడిచేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. శుభ్రత ఎక్కువ మనిషి.

అలా తొమ్మిది ముక్కలుగా సన్యాసమ్మగారి ఫోనులోకి వచ్చాను. ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది ఆరో ముక్క. నా చివర చావు ఉంది, దాని తర్వాత ఏమీ లేదు. ఆ సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

మధ్యాహ్నం అన్నం పెట్టాక ఆమె ఫోను ఆయన దిండు పక్కన పెట్టేది. మొదటి రోజు ఏమీ జరగలేదు. రెండో రోజు చూపుడువేలు కదిలింది. మూడో రోజు రెండు వేళ్లు. ఐదో రోజుకు దుప్పటి మీద దరువు వినపడేంతగా కొట్టాడు. ఆమె ముఖం విప్పారుతున్న కొద్దీ నాకు పై ప్రాణాలు పైనే పోతున్నాయి. రేపు నా వంతు.

ఆరో రోజు వచ్చింది. నేను మొదలయ్యాను, ఏం చేయను మరి? అడవి, పుట్ట, పాము. ఆయన వేళ్లు నాతోనే నడిచాయి. రాకుమారుడు కన్ను మూశాడు. నేను ఆగిపోయాను.

ఆయన వేళ్లు గాలిలో అలాగే నిలిచాయి. పదకొండు సెకన్లు ఆయనకు అలవాటే. పన్నెండో సెకనుకు కళ్లు ఆమె వైపు తిరిగాయి. ఆమె ఫోను అందుకుని ఎక్కడో నొక్కింది. ఏడో ముక్క ఎత్తుకుంది, అది పెళ్లి పాట. చచ్చినవాడు చచ్చినట్టే ఉండగా పెళ్లి బాజాలు మోగాయి. గవరయ్యగారి గొంతులోంచి ఏదో మూలుగు వచ్చింది, చెయ్యి దుప్పటి మీద దబ్బున పడింది. వేళ్లు బిగుసుకున్నాయి.

"ఏవండీ, ఇటు సూడండి. లెగుస్తాడండీ, ఆడు లెగుస్తాడు" అంటూ ఆమె ఫోను ఆపేసింది.

తర్వాత ఆమె పాడింది. అది పాటంటే పాట కాదు. సగం మాటలకు గాలే వచ్చింది, పై స్థాయిలో గొంతు విరిగిపోయింది, రెండు చోట్ల దగ్గింది. ముప్పై ఏళ్ల కిందటి ఆమె కంచుగొంతును మోస్తున్న నాకు వినడానికే భయం వేసింది. ఆమె కూడా భయంతో తొందరపడి చరణం పరుగెత్తించింది. అప్పుడు దుప్పటి మీద ఒక దెబ్బ పడింది. కాస్త ఆగి ఇంకోటి. నెమ్మదిగా, బరువుగా, కాలం తప్పకుండా. పందిట్లో ఆమె పరుగెత్తినప్పుడల్లా ఆయన ఇలాగే కళ్లెం పట్టేవాడు. ఆమె ఏడుస్తూనే ఆ దరువుకు దిగి వచ్చింది. రాకుమారుడు లేచాడు.

సంగతి తెలిసి తిరుపతిరావు పరుగెత్తుకొచ్చాడు. "తప్పైపోనాదమ్మా. ఎక్కడైనా ఇంకో కాపీ ఉందేమో ఎతుకుతాను."

"ఒగ్గేయ్ బాబూ. ఆ ముక్క నాకొచ్చు" అంది ఆమె.

ఇప్పుడు ఆయన మిగతా పాటలు వినడం లేదు. రోజూ ఆరోదే కావాలంటాడు, ఆమె నోటితో లెక్కపెడుతుంటే ఆరు దగ్గర వేలు ఎత్తుతాడు. రోజూ నేను రాకుమారుణ్ని అడవికి తీసుకెళ్లి, పాముకు అప్పగించి, ఆగిపోతాను. ఆపైన ఏం జరుగుతుందో నాలో లేదు. ఆమె గొంతు నిన్నటికంటే ఇవాళ ఇంకా బొంగురుపోయింది. దిండు పక్కన పడుకుని, మిగతాది ఎత్తుకోబోతూ ఆమె ఊపిరి పీల్చుకునే చప్పుడు కోసం వింటూ ఉంటాను. అది వినపడేదాకా ఆయన చెయ్యి గాలిలోనే ఉంటుంది.