జాతరకు పోయిన పట్టుపావడ

గంగమ్మ జాతర ఆఖరి రోజు. దామోదరం పొద్దున్నే పెళ్లాం చీర కట్టుకుని, సవరం పెట్టుకుని, అద్దం ముందర బొట్టు దిద్దుకుంటున్నాడు. మీసం మాత్రం తీయలేదు. తిరుపతిలో ఆ రోజు అదేమీ వింత కాదు. మొక్కున్న మగవాళ్లు ఆడవేషం కట్టి అమ్మవారి గుడికి నడవాల్సిందే, ఎంత పెద్ద ఉద్యోగమున్నా సరే.

"పంకజా, కొప్పు సరింగా ఉండాదా?"

"కొప్పు బాగుండాది నాయనా. మీసం ఒకటే అమ్మది కాదు," అంది కూతురు పంకజాక్షి.

ఆ పిల్ల ట్రంకు పెట్టె మీద కోడిపెట్ట గుడ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంది. పెట్టెలో కొత్త పట్టుపావడ ఉంది. వంకాయ రంగు, పచ్చంచు. అడిగి అడిగి, అలిగి అలిగి కుట్టించుకున్నది. పిల్ల ఎదిగినా పనికొచ్చేట్టు దర్జీ లోపల మడతలు పెట్టి కుట్టాడు. జాతర నాడే కట్టాలని ఇంతవరకూ ఒంటికి తగిలించలేదు.

అవ్వ భారతమ్మ వచ్చింది. "లెయ్యి పాపా. ఆ పావడ మునికృష్ణకి కావాల."

మునికృష్ణ సూళ్లూరుపేటలో ఉండే చిన్నాయన కొడుకు. పంకజాక్షి కంటే నెల చిన్న. జాతరకని వచ్చి ఇక్కడే ఉన్నాడు. పోయినేడు వాడికి అమ్మవారు పోసి మంచం పట్టినప్పుడు, బిడ్డ లేస్తే కొత్త పట్టుపావడ కట్టించి గుడికి నడిపిస్తానని అవ్వ మొక్కుకుంది. మొక్కింది అవ్వ. లేచింది వాడు. పావడ మాత్రం పంకజాక్షిది.

"జరం వాడికొస్తే పావడ నాదా? నా పాతది ఇయ్యి."

"కొత్తదని మొక్కినాను మే. అమ్మోరికి పాతది సూపిస్తే ఊరుకుంటాదా?"

అంతలో ఇంకో గొడవ వచ్చింది. మునికృష్ణ కొట్టుగదిలో దూరి గడియ పెట్టుకున్నాడు.

"నేను కట్టను! మా ఊర్లో రాకెట్లు ఎగరేస్తారు. పావడలు కట్టరు!" అని లోపలి నుంచి అరిచాడు.

పంకజాక్షి సంతోషం పట్టలేకపోయింది. వాడు కట్టకపోతే పావడ దక్కినట్టే. కానీ ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. అవ్వ గోడకు చేరగిలబడి, "మొక్కు తీరేదాకా పచ్చిమంచినీళ్లు ముట్టను," అని కొంగు కప్పుకుంది. ఎండ ఎక్కింది. అవ్వ పెదవులు ఎండిపోయాయి. పంకజాక్షి చెంబుతో మజ్జిగ తెస్తే మొహం తిప్పుకుంది. ఆ పిల్ల కాసేపు పెట్టె వైపు చూసింది, కాసేపు అవ్వ వైపు చూసింది. ముక్కు ఎగబీల్చుకుని కొట్టుగది తలుపు దగ్గరికి పోయింది.

"రేయ్ కిట్టా. బయటికి రా. పావడ ఇస్తాను."

"నువ్వు నవ్వకుండా ఉంటావా అక్కా?"

పంకజాక్షి నిజం చెప్పే పిల్ల. "ఉండలేను," అంది.

"అట్లయితే నువ్వూ ఏదన్నా యేసం కట్టు. అప్పుడు నేనూ నవ్వుతా."

ఈ మాట ఆ పిల్లకు నచ్చింది. "సరే. నీ కొత్త నిక్కరు, సొక్కా నాకియ్యి."

గడియ ఊడింది. ఈసారి అవ్వ లేచింది. "ఆడపిల్ల మొగ యేసం కట్టేది యాడన్నా ఉండాదా? నలుగురూ ఏమంటారు?"

"రాత్రి నువ్వేం కత సెప్పినావు అవ్వా? ఆడపిల్లల్ని ఏడిపించే పాలెగాణ్ణి పట్టేదానికి గంగమ్మ ఏ యేసం కట్టింది?"

అవ్వ కొంగు సర్దుకుంటుంటే పంకజాక్షే చెప్పింది.

"దొర యేసం కట్టింది. దొరంటే మొగోడే గదా? గంగమ్మ ఆడదే గదా?"

దామోదరం కొప్పు ఊడేట్టు నవ్వాడు. "కత సెప్పింది నువ్వే గదమ్మా. ఇంక అనుబవించు," అని కాటుక తీసి కూతురికి మీసం దిద్దాడు.

అట్లా బయలుదేరారు. ముందు మీసమున్న అమ్మ, వెనక పావడ కట్టిన రాకెట్లవాడు, వాడి పక్కన దొర, అందరి వెనకా అవ్వ. మునికృష్ణ అంచు తొక్కి తొక్కి తూలుతుంటే పంకజాక్షికి గుండె ఆగినంత పనైంది.

"ఎడం సేత్తో కుచ్చిళ్లు ఎత్తి పట్టుకోరా! నా పావడ తొక్కితే తాట తీస్తా!"

"నీ నిక్కరు జారతాంది, ముందు అది పట్టుకో!"

వీధిలో ఒకామె మునికృష్ణ బుగ్గ గిల్లి, "ఎవురి బిడ్డమ్మా, ముద్దుగుండాదే," అంది. వాడు మొదట ఎర్రబడ్డాడు. తరవాత, అక్క చూస్తోందని, గాజులు గలగలలాడించాడు. నవ్వేవాళ్లు ఉన్నారు. కానీ వాళ్లలో సగంమంది చీరల్లోనే ఉన్నారు.

గుడి దగ్గర అంబలి పోస్తున్నారు. తోపులాటలో ముంత ఒలికి, రాగి అంబలి పావడ మీద అంచుదాకా కారింది. మునికృష్ణ బిక్కచచ్చిపోయాడు. పంకజాక్షి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏడస్తే మీసం కరిగిపోతాది దొరా," అన్నాడు నాయన మెల్లగా.

దొర ఏడవలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిక్కరు జేబుల్లో దూర్చింది. అప్పుడు తెలిసింది, వాటిలో జాతర బొరుగులు ఎన్ని పడతాయో. పావడకు ఒక్క జేబైనా లేదు.

మొక్కు తీరింది. ఇంటికొచ్చి అవ్వ సంకటి కడుపునిండా తిని, పావడ ఉతికి దండెం మీద వేసింది.

మరునాడు పొద్దున కొడుకును ఊరికి తీసుకుపోవడానికి చిన్నాయన వచ్చాడు. మునికృష్ణ పాత నిక్కరుతో నిలబడి, "అక్కా, నా కొత్తది ఇచ్చెయ్," అన్నాడు.

"నా పావడ తడారలేదు. అది ఆరిందాక ఇది నాదే."

"ఆరినాక?"

"ఆరినాక సూద్దాం. నువ్వు బస్సుకి పో."

అది నడి వేసవి. పావడ నిన్న పొద్దుగూకక ముందే పెళపెళా ఎండిపోయింది. అవ్వ వెళ్లి అంచు తడిమి చూసింది. మనవరాలి జేబుల వైపు కూడా చూసింది. పావడ తీయకుండా దండెం మీదే వదిలేసి, "ఇంకా పచ్చిగానే ఉండాదప్పా," అంటూ లోపలికి పోయింది.